గది మూసేముందు

గురువారం సాయంత్రం అయిదున్నరకి టైపు మేడమ్ కంప్యూటర్ ల్యాబు కిటికీలు మూసింది. పదహారు స్క్రీన్ల మీదా ముసుగులు కప్పింది. గుమ్మంలో చెప్పులు తొడుక్కుని, తలుపు పక్కనున్న మెయిన్ లివర్ని కిందికి లాగి, తాళం వేసి, ఓసారి లాగి చూసుకుని ఇంటికి బయల్దేరింది. పన్నెండేళ్ళుగా ఏ గది మూసినా ఆమె చేసేది ఇదే. చెయ్యి దానంతటదే లేచి లివర్ పట్టుకుంది, ఆమెనేమీ అడగలేదు. అప్పటిదాకా గదిలో ఉన్న హోరు ఠక్కున ఆగిపోతే, అమ్మయ్య, చెవులకి ఎంత హాయిగా ఉందో అనుకుంది కూడా, పిచ్చిది.

లివర్ పైన గోడకి పసుపు రంగుకి తిరిగిన కాగితం ఒకటి అంటించి ఉంది. 'గది మూసేముందు మెయిన్ ఆపవలెను' అని ఒక్క ముక్క, దాని కింద ప్రిన్సిపాల్ సంతకం. లైబ్రరీలో ఎప్పుడో ఫ్యాను కాలి రెండు బీరువాలు బొగ్గయినప్పుడు కాలేజీలో ప్రతి గదికీ అంటించినవి అవి. రోజూ కళ్ళెదుట ఉండే కాగితాన్ని ఎవరు చదువుతారు? ఆమె కూడా చదవలేదు.

మామూలుగా ల్యాబుకి తాళం వేసేది ల్యాబ్ సార్. ఈ యూనిక్స్ వర్క్‌స్టేషన్ల సంగతి కాలేజీ మొత్తంలో తెలిసిన లెక్చరర్ ఆయనొక్కడే, ఆ ముక్క ఆయన ఎవర్నీ మర్చిపోనిచ్చేవాడు కాదు. ఆ గురువారం ఏదో పనుందని నాలుగింటికే లేచి, తాళాల గుత్తి ఆమె బల్ల మీద పెట్టి, వెళ్ళేటప్పుడు తాళం వేసి వెళ్ళండి మేడమ్ అన్నాడు. అంతే. ఇంకో మాట చెప్పలేదు.

ఆమె ఆ గదిలోకి వచ్చి అప్పటికి నాలుగు రోజులు. టైపు సెక్షన్ ఎత్తేశారు. ఆమె చేతుల మీదుగా నూనె తాగిన ముప్పై మెషీన్లూ వరండాలో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఆరు నెలలు ల్యాబులో ఉండి పని నేర్చుకుంటే ఉద్యోగం, లేకపోతే ఇల్లు అని ఆర్డరు ఇచ్చారు. నలభై ఆరేళ్ళ వయసులో మొదటిరోజు ఆమెకి ఎంత బెదురు పుట్టిందంటే, పాస్‌వర్డు కొడుతుంటే తెర మీద ఒక్క అక్షరమూ పడలేదని, రిబ్బను అరిగిపోయిన మెషీన్ మీద కొట్టినట్టు కీలని బలంకొద్దీ బాదింది. వెనక కూర్చున్న పిల్లలు పొట్టలు పట్టుకు నవ్వారు. టైపు మెషీన్ల ముసుగులు తెచ్చి స్క్రీన్లకి కప్పితే ఇంకా నవ్వారు.

నవ్వకుండా పక్కకొచ్చి కూర్చున్నది ఒక్కతే. చివరి సంవత్సరం చదువుతున్న ఆ పిల్లని అందరూ భూతద్దం అంటారు. కళ్ళజోడు అంత మందం, దానికి తోడు ప్రతిదాంట్లోనూ వేలు పెట్టి చూస్తేగానీ తోచదు. పాస్‌వర్డు అందుకే కనపడదు మేడమ్, కనపడితే పక్కవాళ్ళు చూసెయ్యరూ అంటూ మొదలుపెట్టి, మూడు రోజుల్లో ఆమెకి నడక నేర్పింది. ఇది కొడితే మన ఫైళ్ళ జాబితా వస్తుంది. ఇది కొడితే ఇంకో చోటికి పోతాం. ఏ జవాబూ రాలేదంటే పని జరిగిపోయినట్టే, కంగారుపడకండి, తప్పుంటేనే ఇది నోరు విప్పుతుంది. చివరికి ఒకటి నేర్పింది, 'లాస్ట్' అని కొడితే ఈ గదిలో ఎవరు ఎన్నింటికి లాగిన్ అయ్యారో, ఎన్నింటికి బయటికి వెళ్ళారో వరసగా చెబుతుంది. దీనికి తెలీకుండా ఎవరూ రాలేరు, పోలేరు మేడమ్ అంది. టైపు మేడమ్ అవన్నీ చిన్న పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసుకుంది.

శుక్రవారం ఉదయం తనే వచ్చి తలుపు తీసి, లివర్ పైకి నెట్టింది. మెషీన్లు మూలుగుతూ లేచాయి. ముసుగులు తీసి మడతలు పెడుతుంటే, గాజు గదిలోని పెద్ద మెషీన్ నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పోసుకుంటూ వచ్చి ఒక చోట ఆగిపోయాయి. కాలేజీ పిల్లలందరి ఫైళ్ళూ దాని పొట్టలోనే ఉంటాయి. అదేదో అడుగుతోంది. సార్ రాకుండా మనకెందుకని ఆమె బల్లలు తుడవసాగింది.

సార్ వచ్చి తెర చూశాడు. భుజాన సంచీ దింపలేదు, కుర్చీ లాక్కోలేదు, నిలబడే టైపు చేస్తూ పోయాడు. పదిన్నరయ్యేసరికి విషయం బయటపడింది. చివరి సంవత్సరం పిల్లల ప్రాజెక్టులున్న డిస్కు చెడిపోయింది. పద్దెనిమిది మంది పని. మెషీన్ తనకి తోచినట్టు ఫైళ్ళ తునకలన్నీ ఊడ్చి ఒక మూల పోసింది గానీ వాటికి పేర్లు లేవు, ఉత్త అంకెలే. ఏ తునక ఎవరిదో, ఏది ఎక్కడ తెగిందో తెలీదు. ప్రాజెక్టు ఇవ్వడానికి పది రోజుల గడువుంది.

ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చాడు. ల్యాబ్ సార్ ఆయనకి చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. ఇవి ఫ్యాన్ల లాంటివి కావండీ. స్విచ్చి ఆపేసి పోతే కుదరదు. ఆపే ముందు దానికి చెప్పాలి, అది రాసుకోవలసినవన్నీ డిస్కు మీద రాసుకుంటుంది, అప్పుడు ఆపాలి. మధ్యలో పడిపోతే ఇదిగో, ఇట్లా అవుతుంది.

టైపు మేడమ్ చేతిలో గుడ్డతో మూల నిలబడి ఉంది. కుడిచెయ్యి గుడ్డని వదిలేసింది. లివర్ పిడి చల్లదనం ఆ అరచేతిలో ఇంకా ఉన్నట్టే అనిపించింది. నిన్న హోరు ఆగిపోతే హాయిగా ఉందనుకున్నాను కదా, అదే అది చావడం అనుకుంది. వంగి గుడ్డ తీసుకోవడానికి కూడా భయమేసింది, ఎవరైనా తనవైపు చూస్తారని.

ఎవరూ చూడలేదు. ల్యాబ్ సార్ అప్పటికే ఇంకో మాట ఎత్తుకున్నాడు. ఎవరో చెయ్యకూడని ప్రోగ్రామేదో నడిపి మెషీన్ని పడగొట్టారన్నాడు. పోయిన వారమే భూతద్దం మెషీన్ మొత్తానికి పెద్ద తాళం లాంటి పాస్‌వర్డుని ఊహించి కొట్టబోతే పట్టుకుని మందలించాడట. నిన్న చివరిదాకా ల్యాబులో ఉన్నదీ ఆ పిల్లేనట. వెంటనే పిలిపించారు.

పిల్ల తడబడలేదు. నేను అయిదుకి ముందే లాగవుట్ అయి వెళ్ళిపోయానండీ అంది. ఇద్దరు పెద్దవాళ్ళూ నమ్మనట్టు చూస్తుంటే, కళ్ళజోడు సర్దుకుని ఇటు తిరిగింది.

"మేడమ్ ఉన్నారు కదా అప్పుడు. చెప్పండి మేడమ్, నేను వెళ్ళడం మీరు చూశారు కదా."

చూసింది. సంచీ జిప్పు పడక పిల్ల గుమ్మంలో ఆగి తంటాలు పడడం చూసింది, వస్తాను మేడమ్ అంటే తల ఊపింది. కానీ చూశానంటే తర్వాతి ప్రశ్న ఏమిటి? అయితే చివర ఉన్నది ఎవరు? గది మూసింది ఎవరు?

"నేను... పనిలో ఉన్నానమ్మా. గమనించలేదు."

పిల్ల ఆమె వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. కోపం లేదు ఆ చూపులో, అర్థం కాకపోవడమే ఉంది. సోమవారం పదింటికి కమిటీ అన్నారు. తప్పు తేలితే ఈ ఏడు పరీక్షకి కూర్చోనివ్వరు. అప్పటిదాకా ల్యాబు గుమ్మం తొక్కొద్దన్నారు.

*

శనివారం ల్యాబ్ సార్ రెండు కాగితాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కమిటీకి ఇవ్వవలసిన రిపోర్టు. ఆయన చేతిరాత ఆయనకే అర్థం కాదు, టైపు మేడమ్‌కి మాత్రం ఎవరి రాతైనా అర్థమవుతుంది. నాలుగు కాపీలు తియ్యమన్నాడు. జతగా మెషీన్ నుంచి గురువారం నాటి జాబితా తియ్యమన్నాడు. 'లాస్ట్' పక్కన ఆ పిల్ల లాగిన్ పేరు కొడితే ఆమెవి మాత్రమే వస్తాయి, అవి చాలన్నాడు.

ఆమె కూర్చుంది. వేళ్ళు కీల మీద సర్దుకున్నాయి. 'సదరు విద్యార్థిని గతంలోనూ అనధికారిక చర్యలకు పాల్పడినందున' అని మొదలైంది. నిమిషానికి అరవై మాటలు కొట్టే వేళ్ళు, ఎవరి కొంపలు మునుగుతున్నాయో వాటికేం పట్టింది? ఒక్క తప్పు లేకుండా పేరా తర్వాత పేరా దిగిపోయింది. 'ల్యాబునందు చివరగా ఉన్నది సదరు విద్యార్థినియే' అన్న దగ్గర మాత్రం ఆగాయి. టైపు మేడమ్ ఆ వాక్యం వంక చూస్తూ, చీర చెంగుతో అరచేతులు తుడుచుకుంది. అవి మళ్ళీ తడిశాయి. మళ్ళీ తుడుచుకుని, ఆ వాక్యాన్ని కూడా కొట్టేసింది.

ఆ పిల్ల జాబితా తీస్తే గురువారం నాటిది ఒక్క వరసే ఉంది. నాలుగు దాటి అయిదు నిమిషాలకి రాక, నాలుగూ నలభై ఎనిమిదికి పోక. సార్ క్లాసుకి వెళ్ళాడు. గదిలో ఎవరూ లేరు. ఆమె చిన్న పుస్తకం తీసి చూసుకుని, ఈసారి పేరు లేకుండా ఉత్త 'లాస్ట్' అని కొట్టింది.

మొత్తం జాబితా వచ్చింది. ఈ రెండు రోజుల రాకపోకలు దాటాక, శుక్రవారం ఉదయం ఎనిమిదీ ముప్పై నాలుగుకి మెషీన్ మళ్ళీ లేచినట్టు ఒక వరస. దాని కింద 'టైప్' అని ఒక పేరు. ఈ ల్యాబులోకి వచ్చిన రోజు సార్ ఆమెకిచ్చిన లాగిన్ పేరు అది. గురువారం నాలుగూ యాభై అయిదుకి రాక. ఆ పిల్ల వెళ్ళాక ఒక్కతే కూర్చుని నేర్చుకున్నవన్నీ మళ్ళీ కొట్టి చూసుకుంది ఆమె. పోక ఉండవలసిన చోట టైము లేదు. 'క్రాష్' అని ఉంది, ఆ పేరు లోపల ఉండగానే మెషీన్ పడిపోయిందని.

లాగవుట్ అవడం మర్చిపోయి, నేరుగా ముసుగు కప్పేసింది. ఆ సంగతి ఆమెకే గుర్తులేదు, మెషీన్‌కి గుర్తుంది. తెర మీద తన పేరు, తన టైము, పక్కన ఆ మాట. తెర ఆర్పితే పోతుందా అనుకుంది. పోదని ఆ పిల్లే చెప్పింది. ఎందుకు చేసిందో ఆమెకే తెలీదు గానీ, ఆ జాబితాని అయిదు కాపీలు ప్రింటు తీసి, మడిచి, హ్యాండుబ్యాగులో టిఫిన్ డబ్బా కింద దాచింది.

*

ఆమె భర్త వాచీలు బాగుచేస్తాడు. ఆదివారం కొట్టు మూసి, ఇంట్లో కిటికీ పక్కన చిన్న బల్ల వేసుకుని, కంటికి లెన్సు బిగించుకుని కూర్చుంటాడు. ఆ ఇంట్లో మాటలు తక్కువ, టిక్కుటిక్కులు ఎక్కువ. రెండు రోజులుగా ఆమె కూరలో ఉప్పు మర్చిపోతున్నా ఆయన ఏమీ అనలేదు, తనే లేచి వేసుకున్నాడు.

మధ్యాహ్నం ఆమె వచ్చి బల్ల పక్కన నేలమీద కూలబడి అంతా చెప్పేసింది. లివర్ సంగతీ, పిల్ల అడిగితే తను అన్న మాటా. ఉద్యోగం పోతుందండీ అంది. ఆయన పట్టకారుతో పట్టుకున్న మరని జాగ్రత్తగా చిన్న గిన్నెలో పెట్టాడు. తర్వాత తను విప్పిన వాచీ వెనక మూతని ఆమె చేతిలో పెట్టి, లెన్సు తీసిచ్చాడు. లోపలి వైపు వెంట్రుకంత సన్నటి గీతలతో ఏవో గుర్తులు, తేదీలు ఉన్నాయి. మూడు రకాల చేతిరాతలు.

"తెరిచిన ప్రతివాడూ గీస్తాడు. ఆ చివరిది నాది, నాలుగేళ్ళ కిందటిది. అప్పుడు నేను బిగించింది సరిగ్గా పడలేదు, అందుకే ఇప్పుడు ఆగింది."

"మరి వాచీ ఆయనకి చెప్పారా?"

"డబ్బులు తీసుకోనని చెప్పాను. ఎందుకని అడిగితే మూత చూపించాను."

"ఆయనేమన్నాడు?"

"తిట్టాడు."

అని మళ్ళీ లెన్సు తీసుకుని పనిలో పడ్డాడు. చెప్పెయ్యి అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. ఆ మనిషి అంతే. ఆమెకి ఒళ్ళు మండింది, ఏదో ఒకటి చెబితే ఆ తప్పు ఆయన మీదకి తోసెయ్యొచ్చు కదా అనుకుంది. సాయంత్రం దాకా వంటింట్లో గిన్నెలు అవసరమైనదానికంటే గట్టిగా తోమింది.

*

సోమవారం తొమ్మిదింటికి ఆమె ఒక జాబితా కాగితం తీసి ల్యాబ్ సార్ బల్ల మీద పెట్టింది. బల్ల అంచు పట్టుకుంది. సార్, నేనే మెయిన్ ఆపానండీ, నాకు తెలీదండీ అని గొణిగింది.

ఆయన కాగితం వైపు చూడనేలేదు.

"నేనిది శుక్రవారం తొమ్మిదిన్నరకే చూశాను మేడమ్," అన్నాడు.

ఆయన లేచి తలుపు వేసి వచ్చి, గొంతు తగ్గించి చెప్పుకుపోయాడు. కరెంటు పోయి పడిందంటే, మరి పాత కాపీల టేపు ఏదని అడుగుతారు. వారం వారం తియ్యవలసిన టేపు రెండు నెలలుగా తియ్యలేదు. తప్పు ఆ పిల్లదంటే టేపు ఊసు ఎవరూ ఎత్తరు. మీరు ఆపారంటే, తాళాలిచ్చినవాడు చెప్పొద్దా అని నన్నే పట్టుకుంటారు. మీ ఉద్యోగం ఎలాగూ ఉండదు. ఆ పిల్లకి పోయేది ఒక్క సంవత్సరం. తెలివైనది, తట్టుకుంటుంది. మీకోసం కూడా ఆలోచించే చేశాను మేడమ్ ఇదంతా.

మాట్లాడుతున్నంతసేపూ తాళాల గుత్తిలో ఒక తాళంచెవిని గోటితో గీరుతూనే ఉన్నాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది. ఇన్నాళ్ళూ ఈయనకి భయపడ్డానా అనుకుంది టైపు మేడమ్. ఈయన తనకన్నా ఎక్కువ భయపడుతున్నాడు. అది తెలిసి ధైర్యం రావాలి, రాలేదు సరికదా, అంతకు ముందు లేని కొత్త భయం పట్టుకుంది. ఇప్పుడు సరేనంటే, రేపట్నుంచి ఈ గదిలో ఇద్దరూ ఇలాగే తలుపు వేసుకుని, గొంతు తగ్గించుకుని బతకాలి.

ఆయన కాగితం మడిచి సొరుగులో పెట్టి తాళం వేశాడు. రిపోర్టు కాపీలు నాలుగూ ఉన్నాయా అని లెక్కపెట్టుకున్నాడు. తిప్పి మాత్రం చూడలేదు. టైపు మేడమ్ చేతి నుంచి వచ్చిన కాగితంలో తప్పుండదని కాలేజీ అంతటికీ తెలుసు. ఆ నాలుగింటి వెనకా ఆమె పొద్దున్నే గుండుసూది గుచ్చి పెట్టింది ఆ పిల్ల ఒక్క వరస కాదు, మొత్తం జాబితా. కమిటీ ముందు నోరు తెరిచే ధైర్యం తనకి లేదని ఆమెకి తెలుసు. కాగితమే చెబుతుందిలే అనుకుంది.

ప్రిన్సిపాల్ గదిలో ఆయనతో కలిపి కమిటీ ముగ్గురూ కూర్చున్నారు, ల్యాబ్ సార్ ఓ పక్కన కుర్చీ వేసుకున్నాడు. పిల్ల గోడవారగా నిలబడింది, చేతిలో పాత ప్రింటు కాగితాల కట్ట పట్టుకుని. టైపు మేడమ్ కాపీలు పంచి తలుపు దగ్గర నిలబడింది. ప్రిన్సిపాల్ మొదటి పేజీ చదివాడు, కళ్ళజోడు తీశాడు. పక్కనున్న సీనియర్ లెక్చరర్ ఆవులింత ఆపుకున్నాడు. రెండో పేజీ ఎవరూ తిప్పలేదు. అంతా స్పష్టంగానే ఉందన్నాడు ప్రిన్సిపాల్. పెన్ను మూత తీశాడు.

ఇప్పుడు ఊరుకుంటే చాలు. తను పెట్టవలసిన కాగితం పెట్టింది, వాళ్ళు చూడకపోతే తన తప్పా? ఆ ఆలోచన ఆమెకి నిజంగానే వచ్చింది, ఎంత తియ్యగా వచ్చిందో చెప్పలేం. ఆ పిల్ల ఈసారి ఆమె వైపు చూడడం లేదు. చూసి లాభం లేదని తెలిసిపోయింది కాబోలు, కిందకి చూస్తోంది.

"అయ్యా, వెనక కాగితం చూడండి," అంది టైపు మేడమ్.

పేజీలు తిరిగాయి. ల్యాబ్ సార్ తన కాపీ తిప్పి చూసి బల్ల మీద బోర్లించాడు.

"ఈ 'టైప్' అంటే ఎవరు?" అన్నాడు ప్రిన్సిపాల్.

"నేనేనండీ. ఈ అమ్మాయి నాలుగూ నలభై ఎనిమిదికి వెళ్ళిపోయింది. వెళ్ళడం నేను చూశాను. శుక్రవారం చూడలేదని అబద్ధం చెప్పాను. అయిదున్నరకి మెయిన్ ఆపింది నేను."

"మెయిన్ ఆపారా? అంత ఖరీదైన మెషీన్లు నడుస్తుంటే మెయిన్ ఎవరైనా ఆపుతారా? ఎవరు ఆపమన్నారు మిమ్మల్ని?"

నిజంగా ఎవరు ఆపమన్నారు? కళ్ళు గదంతా తడుముకున్నాయి. ప్రిన్సిపాల్ కుర్చీ వెనక గోడకి ఆ గది మెయిన్ లివర్ ఉంది. దాని పైన పసుపు రంగుకి తిరిగిన కాగితం.

"మీరేనండీ," అంది మెల్లిగా. "అదుగో. పన్నెండేళ్ళ కిందట మీరు చెబితే నేనే కొట్టాను. అన్ని గదులకీ నేనే అంటించాను."

ముగ్గురూ వెనక్కి తిరిగారు. ప్రిన్సిపాల్ తన సంతకం తనే చదువుకున్నాడు. చదవడానికి అంతసేపు పట్టే సంతకం కాదు అది. తర్వాత ఆయన ఇటు తిరిగి, టైపు మేడమ్‌ని కాదు, ల్యాబ్ సార్‌ని అడిగాడు, టేపు ఏదీ అని.

*

రిపోర్టులోంచి పిల్ల పేరు కొట్టేశారు. ప్రాజెక్టులకి ఇంకో పదిహేను రోజులు గడువిచ్చారు. టైపు మేడమ్ రెండు రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలన్నారు, ఉద్యోగం సంగతి ఆ తర్వాత చూస్తామన్నారు. ఆ ముక్కతో ఆమె భయం ఏమీ తగ్గలేదు.

వరండాలో పాత టైపు మెషీన్ల పక్కన పిల్ల నిలబడి ఉంది.

"మీకు శుక్రవారమే తెలుసా?"

"తెలుసమ్మా."

"నేను అడిగినప్పుడు కూడా?"

"అప్పుడు కూడా."

పిల్ల ఇంకేమీ అనలేదు. ధన్యవాదాలు చెబుతుందని టైపు మేడమ్ అనుకోలేదు గానీ, ఆ ఊరుకోవడం తిట్టుకన్నా గట్టిగా తగిలింది. క్షమించమ్మా అని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. పిల్ల చేతిలోని కాగితాల కట్ట వైపు చూసి, అదేమిటని అడిగింది. మూడు వారాల కిందట తీసిన ప్రింటు అట, ప్రాజెక్టులో ముప్పావు వంతు. మెషీన్లోది పోయింది కాబట్టి అదంతా మళ్ళీ కొట్టుకోవాలి. రెండు వేళ్ళతో కొడితే నెల పడుతుంది.

"ఇలా ఇవ్వు," అంది టైపు మేడమ్. "నీది అయ్యాక మిగతా పదిహేడు మందినీ పిలు. ఎవరి దగ్గర ఏ కాగితం ఉంటే అది తెమ్మను."

ల్యాబులో ఆమె ముసుగు తీసి కూర్చుంది. పాస్‌వర్డు కొట్టింది, తెర మీద ఏమీ పడకపోయినా బాదలేదు. పిల్ల కుర్చీ లాక్కుని, కాస్త ఎడంగా కూర్చుంది. కట్ట విప్పి, మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టింది. బ్రాకెట్లూ చుక్కలూ కూడా చదవాలి, ఒకటి తప్పితే మొత్తం తప్పే. టైపు మేడమ్ వేళ్ళు వాటి దారిన అవి వెళ్ళాయి. ఒక పేజీ అయింది, రెండు అయ్యాయి. పిల్ల గొంతు వరసలు చదవడానికి తప్ప ఇంకో మాటకి లేవలేదు.

మూడో పేజీ మధ్యలో చదవడం ఆగింది. ఏం తప్పు కొట్టానో అని టైపు మేడమ్ తెర మీద వెతుక్కుంది. తప్పేమీ లేదు.

"ఇప్పటిదాకా కొట్టింది సేవ్ చెయ్యండి మేడమ్," అంది పిల్ల, కాగితం మీంచి తలెత్తకుండా.

ఆమె చేసింది. మెషీన్ ఇన్ని వరసలు రాసుకున్నానని కింద చిన్నగా చూపించింది. పిల్ల ముందుకి వంగి ఆ అంకె చూసుకుని, కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, తర్వాతి వరస చదివింది.